సొంతంగా ప్లంబింగ్ పనులు చేపట్టే ముందు

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా ఒక కాంట్రాక్టరు దగ్గర ప్లంబరుగా పనిచేస్తున్నాను. సొంతంగా వ్యాపారం ప్రారంభించాలని ఉంది. పని బాగా వచ్చు కానీ లెక్కలంటే భయం. ముందుగా దేనిపై దృష్టి పెట్టాలి?

జవాబు: మీ భయం సరైన చోటనే ఉంది. పనితనం ఉన్నవారు కూడా తరచుగా దెబ్బతినేది ధర కట్టడంలోనే. పైపులు, ఫిట్టింగులు, కూలి మాత్రమే కలిపి ధర చెప్పేవారు, పని చూసి రావడానికి పట్టే సమయాన్ని, ప్రయాణ ఖర్చును, పనిముట్ల అరుగుదలను, పని దొరకని రోజులను మరచిపోతారు. వారానికి 48 గంటలు శ్రమించి 30 గంటలకే డబ్బు తీసుకోగలిగితే, ఆ 30 గంటల రాబడే మొత్తం 48 గంటల ఖర్చును మోయాలి. మీ గంట ధరను ఇలాగే నిర్ణయించుకోండి.

అంచనాను తప్పక కాగితం మీద ఇవ్వండి. గోడ పగలగొట్టాక బయటపడే పాత పైపుల మరమ్మతుకు విడిగా చెల్లించాలని అందులోనే రాయండి. తగవులు ఎక్కువగా అక్కడే పుడతాయి. సామగ్రి ఖరీదు మేరకు అడ్వాన్సు అడగడానికి మొహమాటపడకండి. లైసెన్సు, బీమా నిబంధనలను పని ఒప్పుకోకముందే తెలుసుకోండి.

గోడ మూసే ముందు పైపులైనుకు పీడన పరీక్ష (ఒత్తిడితో నీరు నింపి లీకులున్నాయేమో చూడడం) చేసి, ఒత్తిడిని కొలిచే గేజి చూపిన అంకెను తేదీతో సహా ఫొటో తీసి ఉంచుకోండి. తరువాత ఎప్పుడైనా చెమ్మ కనిపిస్తే, మీరు అప్పగించిన నాటికి పైపులు ఏ స్థితిలో ఉన్నాయో ఆ ఫొటోయే చెబుతుంది.