వాయిదాలు రాయి, తమ్ముడూ

తమ్ముడూ,

పర్యావరణ కేసులు వాదించే లాయరు ఎం.సి. మెహతా మీద నువ్వు రాసిన కథ నిన్న రాత్రి చదివాను. మూడో పేజీలోనే కోపం వచ్చింది. ఢిల్లీలో గ్యాస్ లీకవుతుంది, జనం ఊపిరాడక పరుగులు తీస్తారు, అది చూసి చలించిపోయిన లాయరు ఆ రాత్రే పిటిషన్ రాయడానికి కూర్చుంటాడు. సినిమాకైతే సరే. 1985 డిసెంబర్ 4న శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం, అంటే ఘాటైన సల్ఫ్యూరిక్ యాసిడ్ పొగ, లీకయ్యేనాటికే మెహతా పిటిషన్ సుప్రీంకోర్టులో ఉంది. జనం మధ్య ఇలాంటి ఫ్యాక్టరీ వద్దని ఆయన ముందే అడిగాడు. భోపాల్ జరిగి అప్పటికి ఏడాది. ఫైలు కోర్టులో నడుస్తూ ఉండగానే గ్యాస్ వచ్చేసింది. చేతిలో ఇంత కథ పెట్టుకుని ఆ కన్నీళ్ళు ఎందుకు కల్పించావయ్యా?

నీ కథలో కాన్పూర్ టానరీ (తోళ్ళు శుద్ధి చేసే ఫ్యాక్టరీ) కార్మికుడి మాటలు బాగున్నాయి. అవి ఉంచు.

కోర్టు గురించి రాసేవాడు తీర్పు కన్నా ముందు వాయిదాలు రాయాలి. ఇది నా మూర్ఖత్వం అనుకున్నా ఫర్వాలేదు. ఫ్యాక్టరీల పొగకు తాజ్‌మహల్ పాడవుతోందన్న కేసు నీ కథలో ఒక్క పేరాలో అయిపోయింది. మెహతా ఆ పిటిషన్ వేసింది 1984లో, తీర్పు వచ్చింది 1996 డిసెంబర్ ఆఖరున. బొగ్గు, కోక్ (బొగ్గును కాల్చి చేసే ఇంధనం) వాడే 292 ఫ్యాక్టరీలు గ్యాస్‌కు మారాలి, లేదా అక్కడి నుంచి వెళ్ళిపోవాలి అన్నారు. ఫ్యాక్టరీతో పాటు తరలివెళ్ళే కార్మికుడికి ఏడాది జీతం బోనస్‌గా ఇమ్మన్నారు. ఆ పన్నెండేళ్ళూ ఆ కార్మికుడి ఇంట్లో ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఆలోచించావా? నీకు పాలరాయి ఒక్కటే కనిపించింది.

నేనూ ఈ దారిలోనే దెబ్బతిన్నాను. పటాన్‌చెరు కాలుష్యం మీద నవల రాయడానికి నక్కవాగు పక్క రైతులతో పాటు కోర్టు వరండాల్లో కూర్చునేవాణ్ణి. ప్లీడరు గుమస్తాలకు టీలు తాగించి, కౌంటర్ (అవతలి పక్షం జవాబు) ఎందుకు ఆలస్యమవుతుందో, స్టే ఎవరికి లాభమో నేర్చుకున్నాను. ఒక వారపత్రిక ఎడిటరు చదివి, ‘వాయిదాలన్నీ తీసేయండి, లాయరుకు ఒక ప్రేమకథ పెట్టండి’ అన్నాడు. నేను పెట్టలేదు. నవల ఆయన బీరువాలోనే ఉండిపోయింది. ఆయన మాత్రం ఆ తర్వాత అవార్డు కమిటీల్లో కూర్చుని సాహిత్యంలో వాస్తవికత గురించి మాట్లాడాడు! ఇప్పటివాళ్ళు ప్రేమకథ అడగడం లేదు, ‘స్ఫూర్తి’ అడుగుతున్నారు. నీ కథ నిండా అదే వాసన.

మళ్ళీ ఓలియం కేసుకే వస్తాను. 1986 ఫిబ్రవరిలో షరతులు పెట్టి ఆ ప్లాంటు తెరవనిచ్చారు. మూసేస్తే సుమారు 4000 మంది కార్మికులు రోడ్డున పడతారన్న లెక్క కూడా కోర్టు చూసింది. అదే ఏడాది డిసెంబర్‌లో జస్టిస్ భగవతి ధర్మాసనం గొప్ప మాట చెప్పింది. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడు, దాని వల్ల ఎవరికి హాని జరిగినా, జాగ్రత్తగానే ఉన్నామని తప్పించుకోవడానికి లేదు. నష్టపరిహారం కట్టాల్సిందే. పరిశ్రమ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దగా ఉండాలి. నువ్వు ఇక్కడ చప్పట్లు కొట్టించి కథ ముగించావు. కానీ ఆ పరిహారం సుప్రీంకోర్టు తన చేత్తో ఇప్పించలేదు. బాధితుల తరఫున రెండు నెలల్లో తగిన కోర్టులో దావాలు వేయమని ఢిల్లీ లీగల్ ఎయిడ్ బోర్డుకు చెప్పింది. తీర్పు అంటే పెళ్ళి, కాపురం ఆ తర్వాత. నువ్వు తలంబ్రాల దగ్గరే ఆగిపోయావు.

ఇంత దూరం ఢిల్లీ ఎందుకంటావా? గండిపేట, హిమాయత్‌సాగర్ కేసు చదువు. చెరువులకు పది కిలోమీటర్ల లోపల ఆముదం నూనెతో సరుకులు తయారుచేసే ఫ్యాక్టరీ పెడతామన్నారు. కాలుష్య నియంత్రణ మండలి వద్దంది, అప్పీలు అధికారి సరే అన్నాడు, హైకోర్టూ ఫ్యాక్టరీ వైపే నిలిచింది. 1999లో సుప్రీంకోర్టులో జస్టిస్ జగన్నాథరావు రాసిన తీర్పు, హాని లేదని నిరూపించుకోవాల్సింది ఫ్యాక్టరీ పెట్టేవాడేనంది. హైదరాబాద్‌లో మనం తాగిన నీళ్ళ మీద ఎవరూ కథ రాయలేదు, ఎందుకంటే అందులో హీరో లేడు.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. ఆ సంగతి నన్నడక్కు.

ఆ ఓలియం బాధితుల తరఫున దావాలు ఎవరెవరు వేశారో, వాళ్ళ చేతికి ఏమొచ్చిందో ముందు వెతుకు. లా కాలేజీ లైబ్రరీలో తీర్పు పూర్తి పాఠం ఉంటుంది, క్లుప్తంగా రాసిన గైడ్లు చదవొద్దు. దొరికింది రాసి పంపు, కాగితానికి ఒక పక్కనే, కాస్త పెద్ద అక్షరాలతో.

ఇట్లు,
మీ అన్నయ్య