ఒకే భవనంలో ఒకేలాంటి ఫ్లాట్లకు వేర్వేరు అద్దెలు తీసుకోవచ్చా?

హైదరాబాద్‌లో ఒకే భవనంలోని ఒకేలాంటి ఫ్లాట్లకు వేర్వేరు అద్దెలు తీసుకోవడం సాధారణంగా చట్టవిరుద్ధం కాదు. అద్దె అనేది ఇంటి యజమానికీ, ఆ ఇంట్లో దిగినవారికీ మధ్య కుదిరిన ఒప్పందం. అద్దెలకు హద్దు పెట్టే 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు వర్తించదు కనుక, నేడు నగరంలో దాదాపు ఏ ఫ్లాటుకూ దాని రక్షణ అందదు. ఇది అద్దెదారులకు నిజంగా పెద్ద లోటు.

ఉదాహరణకు, మూడో అంతస్తులో ఎదురెదురు గుమ్మాలున్న రెండు పడకగదుల ఫ్లాట్లలో, ఏటా ఐదు శాతం పెంపు రాసుకుని నాలుగేళ్లుగా ఉంటున్న కుటుంబం 22,000 కడుతుండగా, గత నెలలో దిగినవారు 28,000 కట్టవలసి రావచ్చు. ఎదురింటి అద్దెను చూపి వీరు బేరమాడవచ్చు గాని, తగ్గింపును హక్కుగా కోరలేరు.

దీన్నిబట్టి యజమాని అద్దెను ఎప్పుడైనా పెంచవచ్చని చాలామంది పొరబడతారు. పదకొండు నెలల ఒప్పంద పత్రంలో పెంపు గురించి ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, గడువు ముగిసేలోపు పక్క వాటా అద్దెను సాకుగా చూపి ఒక్క రూపాయి కూడా అదనంగా వసూలు చేసే అధికారం ఆయనకు లేదు. అందుకే సంతకం పెట్టే ముందు ఆ షరతును తప్పక చదవాలి.