ఆ బూడిద ఎందుకు నల్లగా ఉంది?

అమలాపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చేరిందమ్మా. రెండుసార్లు చదివాను. మీ పెదనాన్నగారి పరిశోధన గురించి నువ్వే రాస్తానని పట్టుపట్టడం నాకెంతో నచ్చింది. కానీ మొదటి పేజీ నిండా అంకెలే. ఎన్ని పేపర్లు, ఎన్ని సైటేషన్లు (వేరే పేపర్లలో వాటిని ఎన్నిసార్లు ఉదహరించారో), హెచ్-ఇండెక్స్ ఎంత, ఎంతమందికి పీహెచ్‌డీ గైడు... ఆయన దేని మీద పనిచేశారో మూడో పేజీకి గానీ తెలియలేదు.

ఈ తప్పు నేనూ చేశాను. ఇరవై ఏళ్ల కిందట వరి ఊకలోంచి సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, తీసే ఒక కెమిస్టు గురించి రాశాను. "ఊకను కాల్చి సిలికా తయారుచేశారు" అని ఒక్క వాక్యంలో తేల్చేసి, మిగతాదంతా అవార్డులతో నింపాను. అచ్చయిన వారానికి పక్క ఊరి రైస్ మిల్లు ఓనరుగారు మా ఇంటికొచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో గుప్పెడు బూడిద. "మా బాయిలర్లో రోజూ ఊకే కాలుస్తామండీ. వచ్చేది ఇదిగో, ఈ నల్ల బూడిద. మరి ఆ సారు కొత్తగా చేసిందేంటండీ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడే బస్సెక్కి ఆ కెమిస్టు దగ్గరికి వెళ్లాను. ఆయన ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు. ఊకలో సిలికాతోపాటు కొంచెం పొటాషియం ఉంటుంది. మంటలో అది సిలికాను పైపైన కరిగించేస్తుంది. దాంతో లోపలి కార్బన్ పూర్తిగా కాలకుండా ఇరుక్కుపోతుంది. మిల్లు బూడిద నలుపు చాలావరకు ఆ కార్బన్‌దే. అందుకని ముందు ఊకను పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేడిచేసి, కడిగి, ఆరబెడతారు. ఆ తర్వాత ఫర్నేస్‌లో 600 డిగ్రీల దగ్గర నిలకడగా కాలిస్తే తెల్లటి పొడి వస్తుంది. వేడి మరీ పెరిగితే సిలికా స్ఫటికాలుగా మారి చురుకు తగ్గిపోతుంది. అప్పుడది సిమెంట్‌లో వేసినా సున్నంతో సరిగా చర్య జరపదు. ఎక్స్-రే గ్రాఫ్ కూడా చూపించారు. స్ఫటికాలుంటే సూదుల్లా నిలువు గీతలు కనిపిస్తాయి. ఆయన పొడికి మాత్రం గిత్త మూపురంలా ఒక్కటే వంపు. ఆ వంపు మీద వేలు పెట్టి, "దీనికోసమే నాకు ఏళ్లు పట్టాయి" అన్నారు. నా వ్యాసంలో ఆ ఏళ్లు ఎక్కడా లేవు.

మీ పెదనాన్నగారిది గాజుపలక మీద పల్చటి పొరలు వేసే పని. దాన్ని ఆత్రేయపురం పూతరేకుతో పోల్చావు. పోలిక అందంగా ఉంది, కానీ సగం దాకే పనికొస్తుంది. పిండినీళ్లలో తడిపిన గుడ్డని వేడి కుండ మీద పరిచి లాగితే రేకు చిటికెలో ఆరిపోయి లేచి వస్తుంది. ఆయన పొర లేచి రాకూడదు, గాజుపలకను అంటిపెట్టుకుని ఉండిపోవాలి. పలకను ద్రావణంలో ముంచి మెల్లగా పైకి లాగితే పొర పల్చగా పడుతుంది. గబగబా లాగితే మందమై, ఆరేటప్పుడు నీళ్లందని దాళ్వా చేనులా నెర్రెలు విచ్చుతుంది. ఈ తేడా కూడా రాయి. అప్పుడు పూతరేకులు చుట్టే అమ్మకి సైతం ఆయన కష్టం అర్థమవుతుంది.

అంకెలు పూర్తిగా తీసేయమనను. హెచ్-ఇండెక్స్‌ని 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఒకరి పేపర్లలో 40 పేపర్లను కనీసం 40 సార్ల చొప్పున వేరే పేపర్లలో ఉదహరిస్తే ఆయన హెచ్-ఇండెక్స్ 40. ఇది ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్లు. మెచ్చుకుంటూ ఉదహరించినా, తప్పుపడుతూ ఉదహరించినా లెక్కలో ఒకటేనని కూడా గుర్తుంచుకో.

1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి చూడు. ఆయన బయోకెమిస్టు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి, భాస్వరాన్ని నీలిరంగుతో కొలిచే పద్ధతిని ప్రచురించారు. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఆయన ఎవరో, ఏ ఊరివారో తెలియని విద్యార్థులు కూడా ల్యాబ్ రికార్డులో "ఫిస్కే-సుబ్బారో పద్ధతి" అని రాసుకుని టెస్ట్ ట్యూబ్ చేతిలోకి తీసుకున్నారు. పెదనాన్నగారి విషయంలోనూ నాకు అలాంటి చేతులు కావాలి. ఆయన పేపర్లను ఉదహరించినవాళ్లలో ఓ నలుగురిని వెతుకు. ఆ పొరతో వాళ్లేం చేశారో చదువు. పాత విద్యార్థి ఒకరికి ఫోన్ చేసి, సారు దగ్గర ఏ పని నేర్చుకున్నారో అడుగు. అవార్డుల జాబితాకి వ్యాసం చివర్లో రెండు లైన్లు చాలు.

సాయంత్రం ఆయన కాలవ గట్టు మీద నడకకి వెళ్తారన్నావు కదా, ఈసారి సెలవుల్లో నువ్వూ కూడా వెళ్లు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టకు, టెన్షన్ పడిపోతారు. పగుళ్లు లేని పొర మొట్టమొదటిసారి చేతికొచ్చిన రోజు, ఆ గాజుపలకను ముందు ఎవరికి చూపించారో అడుగు. ఆయన ఏం చెప్పారో నాకు రాయి, ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
మీ మాస్టారు