యాంటీబాడీలు వచ్చేలోపు వైరస్‌ను ఆపేదెవరు?

ప్రశ్న: కొత్త వైరస్ సోకితే యాంటీబాడీలు తయారవడానికి వారం, పది రోజులు పడుతుందంటారు. చాలా జలుబులు ఆలోపే తగ్గుముఖం పడతాయి కదా, అప్పటిదాకా వైరస్‌ను ఆపేది ఏమిటి?
– డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: చాలావరకు వైరస్ దూరిన కణమే. తెల్లరక్తకణాలు వచ్చేదాకా అది చేతులు ముడుచుకుని కూర్చోదు.

ఫ్లూనే తీసుకోండి. ముక్కులోని చీమిడి పొరను దాటి వచ్చిన వైరస్‌ను కణం ఒక తిత్తిలో చుట్టి లోపలికి లాక్కుంటుంది. తిత్తిలో ఆమ్లగుణం పెరగగానే వైరస్ పైపొర తిత్తి గోడతో కలిసిపోయి, దాని జన్యు సమాచారం ఉండే ఆర్‌ఎన్‌ఏ బయటపడుతుంది. ప్రొటీన్ల తయారీకి సూచనలు మోసే మన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ మొదటి కొసకు క్యాప్ అనే తొడుగు ఉంటుంది. ఫ్లూ ఆర్‌ఎన్‌ఏకి అది ఉండదు, మూడు ఫాస్ఫేట్లు బోసిగా కనిపిస్తాయి. రిగ్-ఐ అనే ప్రొటీన్ ఆ కొసనే పసిగడుతుంది. కబురు కేంద్రకానికి చేరి, కొన్ని గంటల్లోనే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్ తయారై బయటికొస్తుంది. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు కోడిగుడ్డు లోపలి పొర ముక్కలకు వేడితో చంపిన ఫ్లూ వైరస్ తగిలించి కనిపెట్టింది దీన్నే.

ఇంటర్‌ఫెరాన్ వైరస్ జోలికి పోదు. చుట్టుపక్కల కణాలకు దండోరా వేస్తుంది, అంతే. ఆ కణాల్లో వందల జన్యువులు పనిలోకి దిగుతాయి. వాటి నుంచి తయారయ్యే ప్రొటీన్లలో ఐఎఫ్ఐటీఎం3 తిత్తి గోడను బిరుసెక్కించి వైరస్ పొరను కలవనివ్వదు. పీకేఆర్ ఏకంగా ప్రొటీన్ల తయారీనే నిలిపేస్తుంది. కణానికీ నష్టమే, కానీ ప్రొటీన్లు తయారుచేసే సొంత రైబోజోములు లేని వైరస్‌కి అది చావుదెబ్బ. ఆర్‌నేజ్-ఎల్ అయితే మనదా, వైరస్‌దా అని చూడకుండా ఆర్‌ఎన్‌ఏను తెగ్గొడుతుంది.

వైరస్ ఊరుకుంటుందా? ఫ్లూ తన ఎన్‌ఎస్1 ప్రొటీన్‌తో రిగ్-ఐ నోరు నొక్కేస్తుంది. కొందరిలో అసలు దండోరాయే వినపడదు: ప్రాణాల మీదికి వచ్చిన కొవిడ్ రోగుల్లో సుమారు పదో వంతు మందికి సొంత ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు ఉన్నట్టు 2020లో బయటపడింది.

ప్రశ్న: మరి ఇంటర్‌ఫెరాన్‌నే జలుబుకు మందుగా ఇవ్వొచ్చుగా?
– ఉపాధ్యాయుడు, హన్మకొండ

జవాబు: మాత్రగా మింగితే మిగతా ప్రొటీన్లలాగే కడుపులో అరిగిపోతుంది. 1980ల్లో ముక్కు స్ప్రేగా వాడి చూశారు. ముందే కొట్టుకున్నవాళ్లకు రైనోవైరస్ జలుబు చాలావరకు రాలేదు గానీ, రోజులతరబడి వాడేసరికి ముక్కు దిబ్బడ, రక్తం చారలు మొదలయ్యాయి. జలుబు చేశాక కొడితే పెద్దగా ఫలితం లేదు, అప్పటికే వైరస్ చాలా కణాల్లో పెరిగిపోయి ఉంటుంది.

హెపటైటిస్-బిలో మాత్రం పెగిలేటెడ్ (ఒంట్లో ఎక్కువకాలం నిలిచేలా మార్చిన) ఇంటర్‌ఫెరాన్‌ను వారానికోసారి 180 మైక్రోగ్రాముల చొప్పున 48 వారాలు చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తారు. వేసిన కొద్ది గంటలకే చలి, జ్వరం, ఒళ్లునొప్పులు. ఫ్లూలో మనం పడే అవస్థలో మంచి వాటా ఇంటర్‌ఫెరాన్‌దే. ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడులు అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు: అది నిజంగా ఇంటర్‌ఫెరాన్‌ను పెంచితే, తాగినవాళ్లు సాయంత్రానికి దుప్పటి ముసుగేయాలి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా పడిపోవచ్చు కనుక ఈ ఇంజెక్షన్లు సాగినన్నాళ్లూ డాక్టర్లు రక్తపరీక్షలు చేయిస్తుంటారు.