ఐటీ ఉద్యోగం మానేసి, ఇంట్లో బొమ్మలు వేసుకుంటూ బతకొచ్చా?

బతకొచ్చు. చెన్నైలో తొమ్మిదేళ్ళుగా నాకు గడుస్తోంది. ఆరు నెలల అద్దె బ్యాంకులో వేసుకుని దిగండి. బొమ్మలు సరిగా రావేమో అని భయపడకండి, రానివాళ్ళూ బతికేస్తున్నారు. 'చిన్న మార్పు' అనే మాటను తట్టుకోగలరా, అది చూసుకోండి.

మూడేళ్ళ కిందట ఒక పబ్లిషరు పిల్లల పుస్తకం ఇచ్చారు. అమ్మమ్మ, మనవరాలు, రోజూ పిట్టగోడ మీద వాలే కాకి. 32 పేజీల్లో 14 చోట్ల కాకి ఉంది. కాకి కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. వడపళనిలో మా ఓనరు మామి తాము తినేముందు మేడ మీద కాకికి అన్నం ముద్ద పెడతారు. వారం రోజులు స్కెచ్‌బుక్ పట్టుకుని అక్కడే కూర్చున్నాను. మన ఊరకాకి నిలువెల్లా నలుపు కాదు. విభూతి చేత్తో ఎవరో పట్టుకుని వదిలేసినట్టు మెడ చుట్టూ బూడిద రంగు. ఎండ పడితే రెక్కల నలుపులోంచి నీలం తేలుతుంది. ఆ నీలం కోసమే వాటర్‌కలర్‌తో వేశాను. అవి నవంబరు వానలు. కాగితం చెమ్మ పీల్చి అప్పడంలా వంకర్లు పోయేది. ఒక పూత ఆరితే గానీ రెండోది వేయలేం కదా, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాను. ఆ కరెంటు బిల్లు ఏ కొటేషన్‌లో రాస్తాం చెప్పండి?

అన్నీ పంపాక ఫోన్. "బొమ్మలు సూపర్ అండీ. చిన్న మార్పు. కాకి మెడ మాసినట్టుంది, మొత్తం నల్లగా చేసేయండి." ఫొటోలు పంపాను. పిల్లలు కన్‌ఫ్యూజ్ అవుతారన్నారు. పిల్లలు రోజూ చూసేది ఆ కాకినే! "రెండు నిమిషాల పనే కదా" అన్నారు. బొమ్మలు స్కాన్ చేసి, టాబ్లెట్‌లో పద్నాలుగు మెడలు నల్లగా చేసేసరికి రెండు రోజులు పోయాయి. వాటర్‌కలర్ పక్కన డిజిటల్ నలుపు తారు పూసినట్టుంటుంది. ఆ రెంటినీ కలపడానికే సగం టైం.

మామికి చూపిస్తే కళ్ళజోడు సర్దుకుని, "ఇదు నమ్మ కాక్కా ఇల్లే, అండంకాక్కా" అన్నారు. అంటే ఇది మన కాకి కాదు, బొంతకాకి అని.

డబ్బు నాలుగు నెలలకి వచ్చింది, పది శాతం టీడీఎస్ (ఇచ్చేవాళ్ళే ముందుగా పట్టుకునే పన్ను) కోసుకుని. ఎప్పుడు ఫోన్ చేసినా అకౌంట్స్ ఆవిడ లీవే.

మా ఇంటికి దగ్గర్లోనే ఒకప్పుడు చందమామ ఆఫీసు ఉండేది. 1952లో అక్కడ చేరిన శంకర్ గారు శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుణ్ణి దశాబ్దాల పాటు వేశారు, అదీ నెల జీతం మీద. ఆ జీతం మాటకి నాకు కుళ్ళు. ఆ శవాన్ని కాస్త నవ్వుతున్నట్టు వేయమని ఆయన్ని ఎవరైనా అడిగారా అని ఇంకా కుళ్ళు. చుట్టాలేమో "బాపు గారిలా వెయ్యొచ్చుగా" అంటారు. బాపు గారు ఈ ఊళ్ళోనే లా పట్టా పుచ్చుకున్న మనిషి. నేనేమో అగ్రిమెంటు చదవకుండానే సంతకం పెట్టాను. హక్కులన్నీ శాశ్వతంగా వాళ్ళవేనట. ఏడాది తిరిగేసరికి నా కాకి టిఫిన్ బ్యాగుల మీద కనిపించింది, నాకు పైసా రాలేదు. తర్వాత కూర్చుని 1957 కాపీరైట్ చట్టం చదివాను. హక్కులు రాతపూర్వకంగా ఇస్తేనే బదిలీ అవుతాయి. ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే అని 19వ సెక్షన్ చెబుతోంది. మీరు ముందే చదవండి. సగం అడ్వాన్సు తీసుకోండి, రెండు మార్పులు దాటితే డబ్బు అని రాసుకోండి. అలా రాసినప్పటి నుంచి నాకు మూడో మార్పు అడిగినవాళ్ళు లేరు.

పుస్తకం అచ్చయ్యాక మామికి ఒక కాపీ ఇచ్చాను. మొన్న అద్దె ఇవ్వడానికి వెళ్తే టీపాయ్ మీద కనిపించింది, తిరగేశాను. మనవడి క్రేయాన్ల డబ్బాలోంచి తెల్లది తీసి, పద్నాలుగు కాకులకీ మెడ చుట్టూ రుద్దేశారు మామి.