పాప్-అప్ విందులు నిండుతున్నాయి, రెస్టారెంట్ ఇప్పుడే తెరవవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి వయసు 25 ఏళ్లు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, విశాఖపట్నంలోని ఒక స్టార్ హోటల్ వంటగదిలో కమీ షెఫ్‌గా (వంటగదిలో తొలి మెట్టు వంటమనిషిగా) పనిచేస్తోంది. ఏడాదిగా నెలకు రెండు ఆదివారాలు ఒక కెఫేలో పాప్-అప్ విందులు (వేరొకరి చోటును ఆ పూటకు తీసుకుని పెట్టేవి) పెట్టి, ఉత్తరాంధ్ర వంటలు వడ్డిస్తోంది. ఉన్న 24 సీట్లూ ముందుగానే అమ్ముడవుతున్నాయి. ఇప్పుడు ఉద్యోగం మానేసి సిరిపురంలో రెస్టారెంట్ తెరుస్తానని, నా పదవీ విరమణ సొమ్ము అందులో పెట్టమని అడుగుతోంది. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, ఎంవీపీ కాలనీ

జవాబు: ముక్కూ మొహం తెలియని వారు ముందుగా డబ్బు కట్టి మరీ వస్తున్నారంటే, మీ అమ్మాయి చేతివంట మీద వారికి నమ్మకం కుదిరినట్టే. అది చిన్న విషయం కాదు కనుక, ఈ ఆలోచన మానుకోమని మాత్రం ఆమెతో అనకండి. అయితే ఆ విందులు ఇప్పటివరకు రుజువు చేసింది ఆమె వంటను మాత్రమే. పాప్-అప్‌లో ఎంతమంది వస్తారో ముందే తెలుస్తుంది, ఏం వండాలో ఆమే నిర్ణయిస్తుంది, సరుకు దాదాపు మిగలదు, నెలవారీ అద్దె ఉండదు, వడ్డనకు స్నేహితులు సాయం వస్తారు. రెస్టారెంట్‌లో వీటిలో ఒక్కటీ ఉండదు. మంగళవారం మధ్యాహ్నం ఎవరు వస్తారో తెలియకపోయినా పొయ్యి వెలిగించాలి, జీతాలు ఇవ్వాలి, ఆమె సెలవు పెట్టిన రోజున కూడా పులుసు అదే రుచిలో ఉండాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. అద్దె, జీతాలు, కరెంటు, ఆమె సొంత జీతం కలిపి నెలకు 4 లక్షల రూపాయలు ఖర్చవుతుందని అనుకోండి. ఒక్కొక్కరు సగటున 500 రూపాయల భోజనం చేస్తే, ముడిసరుకుకు 35 శాతం చొప్పున 175 రూపాయలు, గ్యాస్, ప్యాకింగ్ వంటి వాటికి మరో 25 రూపాయలు పోగా 300 మిగులుతాయి. నెలకు 26 రోజులు తెరిచి ఉంచినా, లాభం లేకుండా నష్టం లేకుండా గట్టెక్కడానికే రోజుకు దాదాపు 52 మంది రావాలి. నెలలో రెండుసార్లు 24 మందికి వండడానికీ దీనికీ ఉన్న దూరాన్ని మీ ఇద్దరూ కలిసి కాగితం మీద చూసుకోవాలి. సాధారణ రెస్టారెంట్లు 5 శాతం జీఎస్టీ వసూలు చేస్తాయి గాని, వాటికి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ లేదు. అందువల్ల పరికరాల మీద, అద్దె మీద కట్టిన పన్ను తిరిగి రాదు, ఖర్చులోనే కలిసిపోతుంది. కొత్తవారు చాలామంది మరిచిపోయే పద్దు ఇది.

ఆమె వంటల్లో సముద్రపు చేపలకు పెద్దపీట వేస్తున్నట్టయితే మరో ప్రశ్న ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. ఫిషింగ్ హార్బర్‌లో వంజరం, చందువా దొరకడం కష్టమై ధర పెరిగే ఆ రోజుల్లో ఏం వండుతుంది? చెరువు చేపలతో, నాటుకోడితో, వేసవిలో దొరికే పనసపొట్టుతో వేరే మెనూ ఇప్పుడే సిద్ధం చేసుకుంటే, అది ఆమె రెస్టారెంట్‌కు ఒక గుర్తింపు కూడా అవుతుంది.

లండన్‌లో డార్జిలింగ్ ఎక్స్‌ప్రెస్ అనే రెస్టారెంట్ నడుపుతున్న ఆస్మా ఖాన్ 2012లో ఇంట్లో విందులతో మొదలుపెట్టారు. 2015లో సోహోలోని ఒక పబ్‌లో పాప్-అప్ వంటగది నడిపి, 2017లో గాని సొంత రెస్టారెంట్ తెరవలేదు. ఆ మధ్య మెట్టే మీ అమ్మాయికి కావలసినది. ఇప్పుడు విందులు పెడుతున్న కెఫేలోనే, లేదా మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే మరో వంటగదిలో, వారానికి నాలుగైదు రోజులు ఎనిమిది వంటకాలకు మించని మెనూతో, జీతమిచ్చి పెట్టుకున్న ఇద్దరు సహాయకులతో ఆరు నెలలు నడపమనండి. యజమానికి ఇచ్చే వాటాను రాతపూర్వకంగా ఖరారు చేసుకోవాలి. రోజూ ఎంత అమ్మింది, ఎంత పారేసింది, వచ్చినవారిలో ఎందరు మళ్లీ వచ్చారు అనే మూడింటినీ తప్పక రాయాలి. మళ్లీ వచ్చేవారి సంఖ్యే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం.

వారానికి అన్ని రోజులు నడపడం మొదలుపెట్టాక ఉద్యోగం వదలక తప్పదు. ఆ లోపు హోటల్‌లో అడిగి మరీ కొన్ని నెలలు స్టోర్స్‌లో, కొనుగోళ్ల విభాగంలో పనిచేయడం మంచిది, ఎందుకంటే కమీ స్థాయిలో వంట నేర్పుతారు గాని ఖర్చుల లెక్క చూపించరు. బయట సొంత వ్యాపారం చేయకూడదనే షరతు నియామక పత్రంలో ఉందేమో కూడా చూడమనండి. పాప్-అప్‌లకు సైతం ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఇంటి గ్యాస్ సిలిండర్ వ్యాపారానికి వాడకూడదు. శాశ్వత చోటు తీసుకున్నాక జీవీఎంసీ (నగరపాలక సంస్థ) ట్రేడ్ లైసెన్సు, అగ్నిమాపక శాఖ నిబంధనలు వస్తాయి.

ఇక మీ పదవీ విరమణ సొమ్ము సంగతి. పూర్తిగా పోయినా మీ దంపతుల మందులకు, ఇంటి ఖర్చులకు ఇబ్బంది కలగనంత మొత్తాన్ని మాత్రమే ఇవ్వండి, ఆ మొత్తం ఎంతో ఈ రోజే ఆమెకు సూటిగా చెప్పండి. ఇల్లు తాకట్టు పెట్టవద్దు. మిగతా పెట్టుబడికి ముద్ర పథకం కింద పూచీకత్తు లేకుండా 10 లక్షల వరకు రుణం కోరవచ్చు. అదే పథకంలో 5 లక్షలు దాటి 10 లక్షల వరకు ఇచ్చే తరుణ్ విభాగంలో తీసుకున్న రుణాన్ని సక్రమంగా తీర్చినవారికి ఈ పరిమితి 20 లక్షల వరకు ఉంటుంది.

ఆరు నెలల లెక్కల పుస్తకం చూశాక అంకెలు బాగుంటే సిరిపురంలో చోటు వెతకండి. ఒప్పందంపై సంతకం చేసే ముందు పొగ గొట్టానికి, వాణిజ్య విద్యుత్ లోడుకు యజమాని అనుమతి ఉందో లేదో చూడండి. మధ్యలో ఖాళీ చేయవలసి వస్తే అడ్వాన్సు ఎంత తిరిగి వస్తుందో కాగితం మీద రాయించుకోండి. హంగులకు పెట్టే ఖర్చు తగ్గించుకుని, ఆరు నెలల అద్దె, జీతాలకు సరిపడే సొమ్మును విడిగా బ్యాంకులో ఉంచిన తర్వాతే తలుపులు తెరవమనండి.