చీటీ మీద 149, బిల్లులో 168: ఏరు దాటి కొన్న సరుకుకు డబ్బు ఎక్కడ అడగాలి?

ప్రశ్న: వకీలు గారూ, మాది పర్లాకిమిడి. నెల సరుకులకు ఏరు దాటి పాతపట్నంలో ఒక సూపర్‌మార్కెట్‌కు వెళ్తుంటాం. మొన్న బిల్లు 2,386 రూపాయలయింది. ఇంటికొచ్చి సరిచూసుకుంటే నాలుగు తేడాలు కనబడ్డాయి. కందిపప్పు కిలో ప్యాకెట్‌కు ర్యాకు మీద 149 అని చీటీ ఉంది, బిల్లులో 168 పడింది. నాలుగు సబ్బుల ప్యాకెట్ మీద ఎమ్మార్పీ 132 అయితే 148 వేశారు. కొబ్బరినూనె సీసా ఒకటే తెచ్చాం, బిల్లులో 118 చొప్పున రెండున్నాయి. చెప్పకుండానే సంచికి 12 వేశారు. మర్నాడు వెళ్లి అడిగితే మేనేజరు "కౌంటరు దాటాక మా బాధ్యత లేదండి, సిస్టమ్‌లో ఉన్నదే మా ధర, కావాలంటే 100 రూపాయల కూపన్ ఇస్తాం" అన్నాడు. మేం ఒడిశా వాళ్లం, కొట్టు ఆంధ్రాలో ఉంది. ఎవరికి చెప్పుకోవాలి? ఈమాత్రానికి శ్రీకాకుళం తిరగాలా?

జవాబు: తిరగక్కర్లేదు. మీకు రావాల్సింది 165 రూపాయలు. కానీ ఈ నాలుగూ ఒకే రకం తప్పులు కావు. అన్నీ కలిపి "మోసం చేశారు" అని అడిగితే మేనేజరు బలహీనమైనదాన్ని పట్టుకుని మిగతావీ కొట్టిపారేస్తాడు. ఒక్కొక్కటీ విడిగా అడగండి.

సబ్బుల విషయంలో వాదనకే చోటు లేదు. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్‌ (ప్యాకెట్ సరుకుల నిబంధనలు)లో 18(2) ప్రకారం ప్యాకెట్ మీద అచ్చయిన ధరకు మించి ఎవరూ అమ్మకూడదు. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి కాబట్టి "జీఎస్టీ వేరే" అన్న మాట చెల్లదు. హోటల్లో కూర్చుని తాగే నీళ్ల సీసా సంగతి వేరు. అక్కడ సేవ కూడా ఉందంటూ 2017లో సుప్రీంకోర్టు ఎమ్మార్పీ దాటడానికి ఒప్పుకుంది. ఆ తీర్పు కిరాణా కొట్టుకు వర్తించదు.

ఈ తప్పు ఎలా జరుగుతుందో తెలిస్తే మేనేజరుతో మాట్లాడటం తేలిక. ప్యాకెట్ మీది బార్‌కోడ్‌లో ధర ఉండదు, అది వస్తువు నంబరు మాత్రమే. ధర కొట్టువాళ్ల కంప్యూటర్లో ఉంటుంది. కంపెనీ ధర మార్చినా చాలాసార్లు బార్‌కోడ్ మార్చదు. అందుకే 132 సరుకు, 148 సరుకు ఒకే నంబరు మీద నడుస్తుంటాయి. స్కాన్ చేయగానే తెరమీద రెండు ఎమ్మార్పీలు వస్తాయి, ఏదో ఒకటి ఎంచుకోమని అడుగుతుంది. వరసలో జనం ఉన్నప్పుడు బిల్లు కొట్టే కుర్రాడు చూడకుండా ఎంటర్ నొక్కేస్తాడు, పైనున్నది పడిపోతుంది. 2025 సెప్టెంబరు 22న సబ్బులు, షాంపూలు, పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గాక ఇలా రెండు ధరల సరుకు ఒకే ర్యాకులో ఉండటం మరీ మామూలైంది. చాలా బిల్లుల్లో ఎమ్మార్పీకి ఒక వరస, అమ్మిన రేటుకు మరో వరస ఉంటాయి. మీ బిల్లులో ఎమ్మార్పీ వరసలో కూడా 148 అని ఉందేమో చూడండి. ఉంటే వేరే బ్యాచ్ ధర వేశారని వాళ్ల కాగితమే చెబుతుంది. సబ్బు వాడేసినా ప్యాకెట్ కవరు పారేయొద్దు. ధర, తయారైన నెల, బ్యాచ్ నంబరు కనబడేలా ఫొటో తీయండి.

కందిపప్పు దగ్గర కొట్టువాడు వాదిస్తాడు. ప్యాకెట్ ఎమ్మార్పీ 185 అనుకోండి, "168కి ఇచ్చాం, ఎమ్మార్పీ దాటలేదుగా" అంటాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(6) అక్కడితో ఆగలేదు. కొట్టులో ప్రదర్శించిన ధరల పట్టికకు మించి తీసుకున్నా ఫిర్యాదు చేయొచ్చని అందులో ఉంది. ర్యాకు చీటీ నా లెక్కలో ఆ కోవలోకే వస్తుంది. అయితే చీటీ ఆ వస్తువుదేనని మీరు చూపించాలి. చీటీ మీద బ్రాండు, బరువు చిన్న అక్షరాల్లో ఉంటాయి. అది అదే కంపెనీ 1 కిలోదా, పక్కనున్న మరో రకం పప్పుదా చూసుకోండి. ఎవరో కొనుగోలుదారు వద్దనుకుని తప్పు అరలో పెట్టేసిన ప్యాకెట్ అయితే మీకు హక్కు రాదు. ఆఫర్ చీటీలకు మెలికలుంటాయి: సభ్యులకే, 999 దాటితేనే, ఫలానా తేదీ వరకే. ఇంకో సంగతి. డబ్బు కట్టకముందే కౌంటర్లో "ఆ చీటీ పాతదండి, 168" అని చెప్పి, మీరు సరేనని కట్టి ఉంటే మీ వాదన చాలా పలచబడుతుంది. చెప్పకుండా వసూలు చేస్తేనే గట్టిగా నిలబడుతుంది. చీటీ ఫొటో లేకపోతే ఈ 19 రూపాయలకు పట్టుబట్టొద్దని నా సలహా.

నూనె సీసాకు సాక్ష్యం కొట్టులోనే ఉంది. ఒక సీసా అమ్మి రెండు కొట్టారంటే ఆ రోజు స్టాకు లెక్కలో ఒక సీసా ఎక్కువ తేలాలి. కౌంటరు మీది కెమెరాలోనూ కనబడుతుంది. కాకపోతే కెమెరా రికార్డింగు కొన్నాళ్లకు తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే ఈరోజే ఈమెయిల్ పెట్టండి: బిల్లు నంబరు, తేదీ, సమయం, కౌంటరు నంబరు (అన్నీ బిల్లు పైభాగంలో ఉంటాయి) రాసి, ఆ రికార్డింగు భద్రపరచమనండి. అడిగాక కూడా తుడిచేస్తే ఆ మాట వినియోగదారుల కమిషన్ ముందు మీకే పనికొస్తుంది.

సంచి గురించి: లోపలికి వెళ్లే చోట కనబడేలా బోర్డు పెట్టకుండా, ముందుగా చెప్పకుండా బిల్లు దగ్గర సంచికి డబ్బు వేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2020 డిసెంబరు 22న జాతీయ కమిషన్ తేల్చింది. బోర్డు ఉంటే మాత్రం ఆ 12 వదిలేయండి.

"కౌంటరు దాటాక బాధ్యత లేదు" అని బిల్లు వెనక అచ్చు వేసుకున్నా మీ హక్కు పోదు. ఫిర్యాదుకు చట్టం రెండేళ్ల గడువిచ్చింది. "సిస్టమ్‌లో వెనక్కి తీయడం కుదరదు" అంటే అదీ నిజం కాదు. బిల్లులో ఎక్కువ వేసినప్పుడు క్రెడిట్ నోట్ (ఎక్కువ వేసినదాన్ని తగ్గిస్తూ రాసిచ్చే కాగితం) ఇచ్చే ఏర్పాటు జీఎస్టీ చట్టం సెక్షన్ 34లోనే ఉంది. కూపన్ మాత్రం తీసుకోవద్దు. ఎక్కువ తీసుకున్నది డబ్బు, తిరిగి రావాల్సిందీ డబ్బే. యూపీఐతో కట్టారా, అదే ఖాతాకు వేయమనండి. "పూర్తిగా సెటిల్ అయింది" అన్న కాగితం మీద మాత్రం పైసలు చేతికి రాకుండా సంతకం పెట్టకండి.

ఇక ఏరు సంగతి. బిల్లు మీద కొట్టు జీఎస్టీ నంబరు మొదటి రెండు అంకెలు చూడండి. 37 అంటే ఆంధ్రప్రదేశ్, 21 అంటే ఒడిశా. మీ బిల్లు మీద 37 ఉంటుంది. ఎమ్మార్పీ దాటిన నేరం మీద చర్య తీసుకునేది కొట్టున్న చోటి తూనికలు కొలతల శాఖ, అంటే శ్రీకాకుళం జిల్లా అధికారులు. పర్లాకిమిడి ఇన్‌స్పెక్టరు దగ్గరకు వెళితే "మా పరిధి కాదు" అంటాడు, అది సరైన మాటే. ఆ శాఖ వేసే జరిమానా సర్కారుకు పోతుంది, మీ 16 రూపాయలు మీకు రావు. అయినా సబ్బుల ఫొటోతో ఒక ఫిర్యాదు పంపండి. తనిఖీ భయానికి మేనేజర్లు త్వరగా దిగొస్తారు.

డబ్బు కోసం వేసే కేసుకు దారి వేరు. చట్టంలో సెక్షన్ 34 (ఇది జీఎస్టీది కాదు, 2019 చట్టంలోది) ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉండే చోట కూడా కేసు వేయొచ్చు. అంటే మీ పర్లాకిమిడిలోని గజపతి జిల్లా కమిషన్‌లోనే వేయండి, కొట్టువాడే ఏరు దాటి రావాలి. పాత 1986 చట్టంలో ఈ వెసులుబాటు లేదు. ఆధార్‌లో మీ చిరునామా పర్లాకిమిడిదే అయి ఉండాలని చూసుకోండి. సరుకు విలువ 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, వకీలు కూడా అక్కర్లేదు. వినియోగదారుల కేసులకున్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. ఫిర్యాదు, అఫిడవిట్, బిల్లు, ఫొటోలు, మీరు పంపిన ఈమెయిల్ చాలు. ఎదుటి పక్షంగా బోర్డు మీది పేరు రాయకండి, బిల్లు మీదున్న సంస్థ పేరును అక్షరం పొల్లుపోకుండా రాయండి. చాలా కేసులు ఇక్కడే నెలలు వెనకబడతాయి, నోటీసు తిరిగొచ్చేస్తుంది.

కానీ ముందే కమిషన్‌కు పరుగెత్తకండి. మొదట కొట్టుకు ఈమెయిల్ పెట్టి 15 రోజులు గడువివ్వండి. (చట్టం చెప్పిన గడువు కాదిది, అడిగి చూశారని చూపించడానికి.) ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) ఇచ్చి ఫిర్యాదును కంపెనీకి పంపుతారు. ఆదేశం ఇచ్చే అధికారం వాళ్లకు లేదు, అయినా పెద్ద గొలుసు దుకాణాలైతే ఇలాంటి చిన్న మొత్తాలు అక్కడే తెగిపోతాయి. అప్పటికీ ఇవ్వకపోతే కేసు వేసి 165, ఖర్చులు, ఓ మోస్తరు పరిహారం అడగండి. లక్షలు రాస్తే పని జరగదు. ఒక హెచ్చరిక: మీకు ఇంటి దగ్గర చిన్న కొట్టుండి, అమ్మకానికే ఆ సరుకు కొని ఉంటే ఈ చట్టం కింద మీరు వినియోగదారు కారు.

బిల్లు థర్మల్ కాగితం, కొన్ని నెలలకు తెల్లబడిపోతుంది. ఈరోజే జెరాక్సు తీసి ఫొటో కూడా పెట్టుకోండి. లామినేషన్ చేయించొద్దు, ఆ వేడికి మొత్తం నల్లబడుతుంది. ర్యాకు చీటీ తెలుగులో ఉంటే గజపతి కమిషన్‌కు ఇచ్చేటప్పుడు ఇంగ్లీషు అనువాదం జత చేయండి.